‘ది ఫర్మ్’ నవల: మొదటి వంద పేజీల పక్షాన

(విజయవాడలో జరిగిన పాఠకుల సమావేశంలో చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగ్ విని రాసింది.)

నమస్కారం అండీ. వెనక వరసలో వాళ్ళకి వినపడుతోందా? ఆ మూల ఫ్యాను ఒక్కటి తగ్గించు బాబూ. ఆ, ఇప్పుడు సరే.

మనం ఈ నెల చదివింది జాన్ గ్రిషమ్ రాసిన ‘ది ఫర్మ్’. మీరు రాసిచ్చిన కాగితాలన్నీ ఇవిగో, నా చేతిలో ఉన్నాయి. అన్నీ చదివాను. కొందరు ఒక్క ముక్క రాశారు, ‘తెల్లారేదాకా కింద పెట్టలేదు’ అని. కొందరు నాలుగైదు పేజీలు రాశారు. డల్లాస్ నుంచి ఒకబ్బాయి ఫోన్లో టైపు చేసి పంపాడు. పేర్లు చెప్పను, ఎవరు రాశారో వాళ్ళకి తెలుసు. కానీ మాటలు మాత్రం చెబుతాను. ఎందుకంటే ఈ కాగితాల్లో ఒకరితో ఒకరికి బాగా పడలేదు. పడకపోవడమే నాకు నచ్చింది.

చదవని వాళ్ళ కోసం కథ క్లుప్తంగా చెబుతాను. ముగింపు కూడా చెప్పేస్తాను, తప్పదు. మిచ్ మెక్‌డీర్ అని ఒక కుర్రాడు. హార్వర్డ్‌లో లా చదివాడు, క్లాసులో పైవరసలో ఉన్నాడు. కానీ పుట్టింది పేదింట్లో. తండ్రి బొగ్గుగనిలో పోయాడు. ఒక అన్న వియత్నాం యుద్ధంలో పోయాడు, ఇంకో అన్న జైల్లో ఉన్నాడు. భార్య ఆబీ కలిగిన ఇంటి పిల్ల, స్కూలు టీచరు. పెద్ద పెద్ద నగరాల నుంచి పిలుపులు వస్తుంటే, మెంఫిస్ అనే ఊళ్ళో బెండినీ, లాంబర్ట్ అండ్ లాక్ అనే చిన్న లాయర్ల ఆఫీసు వచ్చి అందరికంటే ఎక్కువ ఇస్తానంటుంది. చేరతాడు. ఆ ఆఫీసు షికాగోలోని మొరోల్టో అనే మాఫియా కుటుంబానిది. చేరినవాడు బయటికి రావడం ఉండదు. రావాలనుకున్నవాళ్ళు ప్రాణాలతో లేరు. మరోపక్క అమెరికా కేంద్ర దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ వచ్చి, మాకు కాగితాలు తెచ్చిపెట్టు, లేకపోతే వాళ్ళతోపాటు నువ్వూ జైలుకే అంటుంది. ఇదీ ఇరుకు.

రాసినాయన అప్పటికి మిసిసిపీలో దాదాపు పదేళ్ళు ప్లీడరీ చేసినవాడు, అక్కడి శాసనసభలో సభ్యుడిగా కూడా ఉన్నాడు. మొదటి నవల 1989లో ఐదు వేల ప్రతులు వేస్తే, అందులో వెయ్యి ఆయనే కొనుక్కుని తిరిగి అమ్ముకోవలసి వచ్చింది. ఇది రెండోది. ఇంకా ప్రచురణకర్త దొరకకముందే సినిమా హక్కులు ఆరు లక్షల డాలర్లకి వెళ్ళిపోయాయి. 1991లో పుస్తకం వచ్చాక 47 వారాలు న్యూయార్క్ టైమ్స్ జాబితాలో ఉంది. అది అంతవరకే. అమ్మకాల గురించి ఇంక మాట్లాడను.

ఇప్పుడు మీ కాగితాల దగ్గరికి వస్తాను.

ఎక్కువమంది చేసిన ఫిర్యాదు ఒకటే. ‘మొదటి వంద పేజీలు నెమ్మది’ అని. ‘జీతం ఎంత, కారు ఏ రంగు, ఇంటి అప్పుకి వడ్డీ ఎంత, ఇవన్నీ ఎందుకు, హత్య దగ్గరికి తొందరగా రావచ్చు కదా’ అని ఒకరు. ‘సగం తీసేసినా నష్టం లేదు’ అని ఇంకొకరు. కాలేజీలో చదువుకునే పిల్లలు ముగ్గురు నలుగురు కూడా ఇదే రాశారు.

నేను దీన్ని ఒప్పుకోను. అస్సలు ఒప్పుకోను. ఈ పుస్తకంలో నేరం జరిగేదే ఆ వంద పేజీల్లో అండీ! తర్వాతదంతా పరుగు. పరుగు బాగుంటుంది, కాదనను. కానీ పరుగు నవలలు మనకి చాలా ఉన్నాయి. ఆ వంద పేజీలు ఎన్ని నవలల్లో ఉన్నాయి?

ఒక్కసారి వాళ్ళు ఏమేం ఇచ్చారో చూడండి. మొదటి ఏడాది జీతం 80,000 డాలర్లు, 1991 నాటి మాట ఇది. కొత్త బీఎండబ్ల్యూ కారు. తక్కువ వడ్డీకి ఇంటి అప్పు. చదువు కోసం చేసిన అప్పు మేమే తీర్చేస్తాం అన్నారు. ఎవరికి ఇస్తున్నారు? బొగ్గుగని కార్మికుడి కొడుక్కి. ఊరికే ఎంచుకున్నారా అతన్ని? ఊరికే కాదు. మన దగ్గర పిల్లనిచ్చేముందు అటు ఏడు తరాలు, ఇటు ఏడు తరాలు వాకబు చేసినట్టు చేశారు. తెలివి ఉందా, పెళ్ళయిందా, వెనక డబ్బు లేదు కదా, వెళ్ళిపోవడానికి ఇంకో చోటు లేదు కదా. లేమి చూసి ఎంచుకున్నారు. చూడండి, ఎంత భయంకరమైన లెక్కో! కుర్రాడి ప్రతిభ వాళ్ళకి కావాలి, నిజమే. కానీ అంతకంటే ఎక్కువగా వాళ్ళకి కావలసింది అతని ఆకలి.

ఉప్పు తిన్న విశ్వాసం అని మనం పెద్ద మాటగా చెప్పుకుంటాం. మంచి మాటే. నేను కూడా అందులోనే పెరిగాను. కానీ ఆ విశ్వాసం మీదే గురిపెట్టి ఎవరైనా ఉప్పు పెడితే? ఆ ఆఫీసు పద్ధతి చూడండి. చేరినవాడికి మొదటి కొన్నేళ్ళు తప్పుడు పని ఏదీ చూపించరు. నిజమైన కక్షిదారుల నిజమైన పన్ను వ్యవహారాలే ఇస్తారు. వాడు రాత్రింబగళ్ళు గాడిదచాకిరీ చేస్తాడు, డబ్బు వస్తుంది, ఇల్లు పెద్దదవుతుంది, పిల్లలు పుడతారు. పిల్లల్ని కనమని ఆఫీసే ప్రోత్సహిస్తుంది! సీనియర్ లాయరు భార్య ఒకావిడ ఆబీకి ఆ మాట చెబుతుంది, చాలా మామూలుగా. అప్పుడు, ఐదారేళ్ళ తర్వాత, ఒకరోజు కూర్చోబెట్టి చెబుతారు, మన యజమానులు ఫలానా అని. అప్పటికి వాడు ఏం చేయగలడు? ఇల్లు వాళ్ళదే, కారు వాళ్ళదే, పిల్లల స్కూలు ఫీజు వాళ్ళ డబ్బే. సంతకాలు మాత్రం వాడివి.

డల్లాస్ అబ్బాయి రాసింది చదువుతాను. ‘నా కంపెనీలో నేరమేమీ లేదు. మంచి కంపెనీ. కానీ ఇల్లు కొన్నాను, వీసా వాళ్ళ చేతిలో ఉంది, గ్రీన్‌కార్డు వరసలో ఉన్నాను. మానేస్తానని చెప్పే స్వేచ్ఛ నాకు లేదని ఈ పుస్తకం మొదటి భాగం చదివాకే గుర్తించాను. హత్యలు వచ్చిన భాగం నాకు అంత గుర్తులేదు.’ చూశారా? హత్యలు గుర్తులేవట. నాకు ఈ కాగితాలన్నిటిలో ఇది మొదటి వరసలో పెట్టవలసిన మాట అనిపించింది. ఇక్కడ కూడా, చేరేటప్పుడు ఒరిజినల్ సర్టిఫికెట్లు తీసుకుని బీరువాలో పెట్టుకున్న యాజమాన్యాల కింద పనిచేసినవాళ్ళు ఈ హాల్లోనే ఉన్నారు. చేతులెత్తమని అడగను. వాళ్ళకి ఆ వంద పేజీలు నెమ్మదిగా ఉండవు.

ఇంకొక్క సంగతి. ఆ ఆఫీసు గొప్పగా చెప్పుకునేది ఏమిటి? మా దగ్గర చేరినవాళ్ళు మానేయడం ఉండదు అని. మొదటిసారి చదివినప్పుడు అది ప్రకటనలా ఉంటుంది. లైబ్రరీ గదిలో చనిపోయిన లాయర్ల పటాలు వేలాడుతుంటాయి. మొత్తం ఐదుగురు అవుతారు. అందులో ఒక్క ఆడమనిషి, ఆ ఆఫీసు చరిత్రలోనే పెట్టుకున్న ఒకే ఒక్క మహిళా లాయరు. రెండోసారి చదవండి, అదే వాక్యం. మానేయడం ఉండదు. అక్షరం మారలేదు, కానీ ఒళ్ళు జలదరిస్తుంది. సస్పెన్స్ అంటే తలుపు వెనక ఎవరున్నారో దాచడమే అనుకుంటాం. ఈయన దాచలేదు. మొదట్లోనే చెప్పేశాడు, మనకి అర్థం కాలేదంతే.

సరే, రెండో ఫిర్యాదు. ‘ఇదంతా కల్పన, లాయర్ల ఆఫీసుని మాఫియా నడపడమేమిటి’ అని. దీనికి నేను కొంచెం ఎక్కువ సమయం తీసుకుంటాను. నేను బ్యాంకులో పనిచేసి రిటైరైనవాణ్ణి కాబట్టి.

నేరం చేసి సంపాదించిన డబ్బుకి మొదటి కష్టం ఏమిటో తెలుసా అండీ? అది నోట్ల రూపంలో ఉంటుంది. జూదం, మత్తుమందులు, బెదిరించి వసూలు చేసింది, అన్నీ నోట్లే. నోట్ల కట్టలతో హోటలు కొనలేరు, భవనం కట్టలేరు, కొడుక్కి గౌరవంగా ఇవ్వలేరు. బ్యాంకులో వేద్దామంటే, అమెరికాలో 1970లోనే చట్టం చేశారు, పదివేల డాలర్లు దాటిన నగదు వస్తే బ్యాంకు ప్రభుత్వానికి తెలియజేయాలి అని. 1986లో ఇంకో చట్టం వచ్చింది, నల్లడబ్బుని తెల్లగా మార్చడమే స్వయంగా ఒక నేరం అని. అందుకని నవలలో ఏం చేస్తారు? నోట్లని సొంత విమానంలో కరేబియన్ సముద్రంలో ఉన్న కేమన్ దీవులకి పట్టుకెళతారు. అక్కడ ఆదాయపు పన్ను లేదు. ఖాతాదారుడి రహస్యం బయటపెట్టినవాడికే శిక్ష వేసే చట్టం 1976లో చేసుకున్నారు వాళ్ళు. అక్కడ ఒక కంపెనీ, దాని మీద ఇంకో కంపెనీ, ఆ కంపెనీ నుంచి అమెరికాకి పెట్టుబడి. తిరిగి వచ్చేసరికి అది పెద్దమనిషి డబ్బు.

ఇప్పుడు ఆలోచించండి. ఇందులో తుపాకీ పట్టినవాడి పని ఎంత? కొంచెం. కంపెనీ పెట్టేదెవరు, ఒప్పందం రాసేదెవరు, పన్ను కాగితాలు నింపేదెవరు? లాయరు. లాయరు లేకపోతే ఆ డబ్బు గోనెసంచుల్లోనే ఉండిపోతుంది. నోట్లని సంపదగా మార్చేది కాగితం. మొరోల్టోలకి హంతకులు ఎంతమందైనా దొరుకుతారు. హార్వర్డ్‌లో చదివినవాడు దొరకడమే కష్టం. అందుకే అంత జీతం, అందుకే ఆ కారు. పుస్తకంలో ఈ తర్కం గట్టిది, కల్పన కాదు.

మన దగ్గర సంగతి కూడా చెబుతాను. పది లక్షలు దాటిన నగదు వ్యవహారాలని మేం పైకి నివేదించాలి. నల్లధనాన్ని మార్చడాన్ని అరికట్టే చట్టం 2002లో చేసి, 2005 జూలై 1 నుంచి అమలు చేశారు. నేను పనిచేసిన రోజుల్లో, ఒక రోజులో యాభై వేలు దాటి నగదు వేస్తే పాన్ నంబరు రాయవలసి వచ్చేది. కౌంటర్లో కూర్చున్నవాళ్ళకి తెలుసు, ఎన్ని చలాన్లు నలభై తొమ్మిది వేలకి వస్తాయో! వేసేవాళ్ళలో ఎక్కువమంది నేరస్తులు కారు, భయస్తులు. కానీ ఆ అంకె చూసినప్పుడల్లా ఒక గీత ఎక్కడ ఉందో జనానికి ఎంత బాగా తెలుసో అర్థమయ్యేది.

కల్పన అన్నారు కదా. ఈ నవల వచ్చిన కొద్ది నెలలకే, 1991 జూలై 5న, బీసీసీఐ (మన క్రికెట్ బోర్డు కాదండీ, బ్యాంక్ ఆఫ్ క్రెడిట్ అండ్ కామర్స్ ఇంటర్నేషనల్) అనే పెద్ద అంతర్జాతీయ బ్యాంకుని అనేక దేశాల అధికారులు ఒకేసారి మూసేశారు. భారీ మోసాలు, నల్లడబ్బు వ్యవహారాలు. దాని ఒక కాలు లగ్జెంబర్గ్‌లో, ఇంకో కాలు ఇదే గ్రాండ్ కేమన్‌లో. తర్వాత 2016లో పనామా పత్రాలు, అంటే విదేశాల్లో పెట్టిన కంపెనీల రహస్య కాగితాలు. అవి బయటికి వచ్చింది బ్యాంకు నుంచి కాదండీ, మోసాక్ ఫోన్సెకా అనే లాయర్ల ఆఫీసు నుంచి. కోటీ పదిహేను లక్షల పత్రాలు, రెండు లక్షలకు పైగా కంపెనీలు. అందులో ఉన్న ప్రతివాడూ నేరస్తుడు అనకూడదు, అనను. విదేశంలో కంపెనీ పెట్టడం దానంతటదే నేరం కాదు. కానీ సంపద ఎక్కడ దాక్కుంటుంది అంటే లాయరు ఫైల్లో దాక్కుంటుందని గ్రిషమ్ పాతికేళ్ళ ముందే రాశాడు.

మనలో ఉన్న ఒక న్యాయవాదిగారు గట్టి అభ్యంతరం రాశారు. కక్షిదారుడి రహస్యం ఎవరికీ చెప్పకూడదు, మిచ్ ఫైళ్ళు కాపీ చేసి ఎఫ్‌బీఐకి ఇవ్వడం వృత్తిద్రోహం, అతన్ని హీరో అనకండి అని. చాలా విలువైన మాట. ఆ రహస్యానికి మన పాత సాక్ష్య చట్టం 126వ సెక్షన్‌లో రక్షణ ఉండేది. కొత్త చట్టంలో అది 132. కానీ అదే సెక్షన్‌లో మినహాయింపు కూడా ఉంది, వారు నాకంటే బాగా ఎరుగుదురు. చట్టవిరుద్ధమైన పని సాగించడానికి లాయరుకి చెప్పిన మాటకి ఆ రక్షణ లేదు. మిచ్ కూడా ఊరికే అన్నీ పోగేసి ఇవ్వలేదు. తప్పు లేని కక్షిదారుల కాగితాల గురించి అతను మథనపడతాడు. చట్టం సంగతి అది. కానీ మనసు సంగతి న్యాయవాదిగారు చెప్పిందే నిజం, ఆ పని చేసినవాడు మళ్ళీ నల్లకోటు వేసుకుని నిశ్చింతగా ఉండలేడు. నవలలో ఉండడు కూడా. ఇది గుర్తుపెట్టుకోండి, ముగింపు దగ్గర పనికొస్తుంది.

ఆబీ సంగతికి వస్తాను. ఆడవాళ్ళు రాసిన కాగితాల్లో దాదాపు అన్నిట్లో ఆబీ ఉంది. మగవాళ్ళు రాసినవాటిలో ఆమె పేరే లేదు. పక్కపక్కన పెట్టి చూస్తే కళ్ళకి కొట్టినట్టు కనిపించింది. ఒకావిడ రాశారు: ‘ప్రమాదం ముందు వాసన పట్టింది ఆబీ. పిల్లల్ని కనమని ఆఫీసు ఎందుకు చెబుతోంది అని అడిగింది ఆమె. ఎవరూ వినలేదు.’ అవును. మిచ్‌కి కారు కనిపిస్తోంది, ఆమెకి కాపలా కనిపిస్తోంది. వాళ్ళ ఇల్లంతా మైకులు పెట్టి ఆఫీసు ఐదో అంతస్తులో కూర్చుని వింటున్నారన్నది మనకి తర్వాత తెలుస్తుంది. ఆమెకి ముందే ఊపిరాడలేదు.

మరి ఆ సముద్రపు ఒడ్డు సంగతి? కేమన్‌లో ఆఫీసువాళ్ళే ఒక అమ్మాయిని పంపుతారు, మిచ్ జారతాడు, ఫొటోలు తీస్తారు, బెదిరిస్తారు. నవలలో అతను ఆ సంగతి భార్యకి చెప్పడు. చివరిదాకా చెప్పడు. 1993లో వచ్చిన సిడ్నీ పొలాక్ సినిమాలో చెబుతాడు. ‘సినిమాలో మిచ్‌ని క్షమించగలను, పుస్తకంలో మిచ్‌ని క్షమించలేను’ అని ఒక టీచరుగారు రాశారు. ఆమె కోపం న్యాయమైనదే అంటాను. ప్రాణం పణంగా పెట్టి, ఉద్యోగం వదిలి, కన్నవాళ్ళకి దూరమై ఆమె అతని వెంట పరిగెత్తింది. ఆమెకి ఆ నిజం తెలుసుకునే హక్కు లేదా? రచయిత దీన్ని తేల్చకుండా వదిలేశాడు. తెలిసి వదిలేశాడనే రుజువు నాకు పుస్తకంలో కనిపించలేదు. తెరమీద తొందర ఉంటుంది, పుస్తకానికి తొందర లేదు కదా, అయినా ఆ పని సినిమానే చేసింది. ఈ ఒక్కచోట సినిమాకే నా ఓటు.

ముగింపు దగ్గర మాత్రం పుస్తకానికే. మీలో సగంమందికి ముగింపు నచ్చలేదు. మిచ్ ఎఫ్‌బీఐని నమ్మడు. వాళ్ళ దగ్గర డబ్బు తీసుకుంటాడు, మాఫియా ఖాతా నుంచి కోటి డాలర్లు కొట్టేస్తాడు, కొంత తల్లికి, కొంత అత్తమామలకి పంపి, భార్యతోనూ జైలు నుంచి బయటపడ్డ అన్నతోనూ పడవెక్కి మాయమవుతాడు. ‘దొంగ సొమ్ము దొంగిలించినవాడు దొంగ కాడా’ అని ఒక పెద్దాయన రాశారు. సినిమాలో అలా కాదు. ఆఫీసు కక్షిదారులకి ఎక్కువ బిల్లులు వేసి పోస్టులో పంపుతోంది, అది మోసం, ఆ దారిలో ఆఫీసుని పడగొట్టి, మొరోల్టోల దగ్గరికే వెళ్ళి మీ రహస్యాలు లాయరుగా నా దగ్గర భద్రం అని చెప్పి, శుభ్రంగా బయటపడతాడు. లాయరుగానే మిగులుతాడు. తెలివైన ముగింపు. చూస్తున్నంతసేపూ బాగుంటుంది.

కానీ శుభ్రంగా బయటపడటం సాధ్యమా? అదీ నా ప్రశ్న. ఆ ఇంట్లో ఉండి, ఆ కారు నడిపి, ఆ జీతం తిని? పుస్తకంలో మిచ్ గెలుస్తాడు, కానీ వృత్తి పోతుంది, ఊరు పోతుంది, పేరు పోతుంది. ఎంత డబ్బున్నా ఫలానా చోట ఉంటున్నానని చెప్పుకోలేడు. పెద్దాయన అన్నట్టు అతని చేతులకి మరక అంటింది. అంటిందనే రచయిత చూపించాడు. పుస్తకాన్ని తప్పుపట్టేవాళ్ళు దీన్ని లోపం అంటున్నారు, నేను నిజాయితీ అంటున్నాను. 2023లో ఆయన రెండో భాగం రాశాడు, అందులో పదిహేనేళ్ళ తర్వాత మిచ్ న్యూయార్క్‌లో పెద్ద లాయరు. ఆ పుస్తకం మీద ఎవరూ ఏమీ రాయలేదు కాబట్టి వదిలేస్తాను.

ఒక్కటి మిగిలింది, అది చెప్పి కూర్చుంటాను. ఇన్ని కాగితాల్లో ఎవరూ రాయని మనిషి ఒకడున్నాడు. లమార్ క్విన్. మిచ్‌ని ఆఫీసులోకి తీసుకొచ్చి, ఇల్లు చూపించి, స్నేహంగా ఉండే లాయరు. ఇద్దరు సహోద్యోగులు సముద్రంలో చనిపోయారన్న వార్త వచ్చిన రోజు మిచ్ వాళ్ళింటికి వెళతాడు. లమార్ పెరట్లో కూర్చుని ఏడుస్తుంటాడు. మొదటిసారి చదివితే స్నేహితులు పోయినందుకు దుఃఖం. రెండోసారి చదివితే అతనికి ఏదో తెలుసనిపిస్తుంది. ఎంత తెలుసు? తెలిసి, ఎదురుగా కొత్తగా చేరిన కుర్రాడు నిలబడి ఉంటే, పారిపొమ్మని ఒక్క మాట ఎందుకు చెప్పలేదు? పిల్లలున్నారనా? భయమా? అతను దుర్మార్గుడా? నాకు అలా అనిపించదు. మిచ్ లాంటివాళ్ళు నూటికి ఒకరు. ఆ ఆఫీసు నిలబడింది లమార్ లాంటివాళ్ళ మీద. ఇది కూడా ఆ మొదటి వంద పేజీల్లోనే ఉంది.

ఇప్పుడు మైకు అటు పంపుతాను. న్యాయవాదిగారూ, ముందు మీరే చెప్పండి, లమార్ స్థానంలో ఉన్న మనిషికి చట్టం ఏ దారి చూపిస్తుంది?